పెరటి తొట్టిలో చేపలు: ఎండలు మండే ఊళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో పగటి ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. అలాంటి ఊళ్లలో ఏటా మార్చి రాగానే ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, అందుకే ఒకచోట చేర్చాం. లెక్కలు ఎక్కువగా 3 మీటర్ల వెడల్పు, మీటరు నీటి లోతు ఉన్న గుండ్రటి తొట్టికి వేశాం. అందులో సుమారు 7,000 లీటర్లు పడతాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## తొట్టి కట్టకముందు

మొదటిసారి కదా, చిన్న తొట్టితో మొదలుపెడితే తేలిక కాదా?

కష్టమే ఎక్కువ. నీళ్లు ఎంత తక్కువగా ఉంటే అంత త్వరగా కాగుతాయి, గుప్పెడు మేత ఎక్కువ పడినా అంత త్వరగా చెడిపోతాయి. 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులో పొద్దునకీ సాయంత్రానికీ నీటి వేడి బాగా మారిపోతుంది, ఆ మార్పును చేప తట్టుకోలేదు. 5,000 లీటర్లకు తగ్గకండి. నీటి లోతు మీటరైనా ఉండాలి, నాలుగడుగులుంటే ఇంకా మంచిది. తొట్టిని రెండడుగులు నేలలోకి దించితే చుట్టూ ఉన్న మట్టి చల్లగా ఉంచుతుంది. గుండ్రటి తొట్టికి లెక్క ఇలా: వెడల్పు × వెడల్పు × 0.785 × లోతు, అన్నీ మీటర్లలో. వచ్చినదాన్ని 1,000తో గుణిస్తే లీటర్లు.

మేడ మీద ఖాళీగా ఉంది. అక్కడ పెట్టుకోవచ్చా?

వద్దు. మీటరు లోతు నీళ్లంటే ప్రతి చదరపు మీటరు మీద టన్ను బరువు. మామూలు ఇళ్ల మేడ స్లాబును చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల బరువుకే లెక్కగడతారు. పైగా స్లాబు వేడి కింద నుంచీ, ఎండ పై నుంచీ కాలుస్తాయి.

సిమెంటు తొట్టి మంచిదా, టార్పాలినా?

రెండూ పనికొస్తాయి. కొత్త సిమెంటులోంచి సున్నం దిగి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 10 దాటిపోతుంది, అందులో వదిలిన చేపపిల్ల గంటల్లో పోతుంది. నిండా నీళ్లు పట్టి వారం ఉంచి తీసేయండి. ఇలా మూడుసార్లు చేయాలి. మధ్యలో అరటి బోదె ముక్కలు వేసి కుళ్లనిచ్చి కడిగేయడం మన దగ్గర పాత పద్ధతి, అది బాగానే పనిచేస్తుంది. చివరికి పీహెచ్ 8.5 లోపు ఉందని చూసుకున్నాకే పిల్ల వదలండి.

టార్పాలిన్ అయితే 550 నుంచి 650 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) పీవీసీ తీసుకోండి. వడ్లు ఎండబోసే పల్చటి పట్టా రెండు ఎండాకాలాలు కూడా ఆగదు. అడుగున రెండంగుళాలు జల్లించిన ఇసుక పరచండి. తొట్టి పక్కన ధాన్యం, మేత బస్తాలు పెట్టకండి. వాటి కోసం వచ్చే పందికొక్కు పట్టాను కూడా కొరుకుతుంది, ఒక్క రాత్రిలో తొట్టంతా ఖాళీ అవుతుంది. నడిమధ్యన అడుగున డ్రెయిన్ పైపు తప్పనిసరిగా పెట్టించుకోండి. మలం, తినకుండా మిగిలిన మేత అక్కడికే చేరతాయి.

ఎండ పడే చోట పెట్టాలా, చెట్టు కిందా?

పొద్దుటి ఎండ పడి, మధ్యాహ్నం నీడ వచ్చే చోటు వెతకండి. చింత, వేప చెట్ల కింద వద్దు. రాలిన ఆకు అడుగున కుళ్లి ఆక్సిజన్ లాగేస్తుంది. మామూలు రోజుల్లో 50 శాతం, ఏప్రిల్ నుంచి జూన్ దాకా 75 శాతం ఎండను ఆపే షేడ్ నెట్ కట్టండి. నెట్ నీటికి ఆరేడు అడుగుల పైన ఉండాలి, కిందికి కడితే గాలి ఆడక ఉక్క నిలిచిపోతుంది.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

నీటిలోకి గాలి బుడగలు పంపే 60 వాట్ల గాలి పంపు రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు 1.44 యూనిట్లు, నెలకు సుమారు 43 యూనిట్లు. దాని కనెక్షన్ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ ద్వారానే ఇవ్వండి. తడి చేతులతో మెలగాల్సిన చోటు అది, పిల్లలు తిరిగే పెరడు. తొట్టి చుట్టూ కంచె కూడా అందుకే కావాలి.

## నీళ్లు పట్టేటప్పుడు

బోరు నీళ్లు నేరుగా పోయొచ్చా?

బోరు నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. కొన్ని చోట్ల ఇనుము, కుళ్లిన గుడ్ల వాసన ఉంటాయి. షవర్ తలో, బెజ్జాలు పొడిచిన పైపో పెట్టి ఎత్తు నుంచి చినుకుల్లా పడేట్టు చేయండి. కొత్త తొట్టి అయితే నింపాక రెండు రోజులు గాలి పట్టించండి. చేపలున్న తొట్టిలో ఒక్కసారి 20 నుంచి 25 శాతం కన్నా ఎక్కువ మార్చకండి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎండలో పరిచిన పైపులోని మొదటి నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. అవి బయటికి పోయాకే పైపును తొట్టిలోకి తిప్పండి.

కుళాయి నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తున్నాయి. పరవాలేదా?

ఆ క్లోరిన్ చేప మొప్పల్ని కాల్చేస్తుంది. వేరే డ్రమ్ముల్లో పట్టి, మూత తీసి, ఒకటి రెండు రోజులు ఎండలో ఉంచితే ఎగిరిపోతుంది. తొందరుంటే 1,000 లీటర్లకు 7 నుంచి 10 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ కరిగించి పోయండి. హైపో అని అడిగితే ఆక్వా మందుల షాపుల్లో ఇస్తారు.

నీళ్లు పట్టిన ఎన్ని రోజులకు పిల్ల వదలాలి?

చేప విసర్జించే అమోనియాను తినే బ్యాక్టీరియా తొట్టిలో, ఫిల్టర్‌లో ఎదగడానికి మన వేడికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు ఆగలేకపోతే అనుకున్న పిల్లలో పావు వంతే వదిలి, మేత సగమే వేసి, నెల తర్వాత మిగతావి వదలండి. ఫిల్టర్‌కు ఖరీదైన సామాను అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ములో అడుగున కంకర, పైన పాత వల ముక్కలు కుక్కి, చిన్న మోటారుతో తొట్టి నీళ్లు దాని గుండా తిరిగేలా చేస్తే చాలు. నడుస్తున్న ఫిల్టర్ ఎవరి దగ్గరైనా ఉంటే, అందులోని వల ముక్కలు నాలుగు తెచ్చి మీ డ్రమ్ములో వేయండి. పని త్వరగా అందుకుంటుంది. దాన్ని కుళాయి నీళ్లతో మాత్రం కడగకండి, బ్యాక్టీరియా చస్తుంది. తొట్టి నీళ్లతోనే జాడించండి.

నీళ్లు పచ్చబడ్డాయి. తీసేయాలా?

లేత పచ్చ మంచిదే. చేతిని మోచేతి దాకా ముంచండి. అరచేయి మసగ్గా కనిపిస్తే సరిపోయినట్టు. మణికట్టు మునిగేలోపే వేళ్లు కనిపించకుండా పోతే నాచు మితిమీరింది. అది పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి చేపతో పోటీపడి పీల్చుకుంటుంది. నాలుగైదు రోజులు రోజుకు 15 శాతం చొప్పున నీళ్లు మార్చండి, నీడ పెంచండి, మేత తగ్గించండి. నాచు మందు కొట్టి ఒక్కసారిగా చంపితే చచ్చిన నాచు కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది.

## పిల్ల ఎంపిక, వదలడం

మా ఎండలకు ఏ చేప ఆగుతుంది?

కొర్రమీను, పంగస్, గిఫ్ట్ తిలాపియా. కొర్రమీను నేరుగా పైగాలి పీల్చుకుంటుంది, అందుకే కరెంటు కోతల ఊళ్లకు అదే మా మొదటి మాట. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. ధర బాగా పలుకుతుంది, కానీ మేత ఖరీదు, పైగా ఎగిరి దూకుతుంది. పంగస్ కూడా గాలి పీల్చగలదు, త్వరగా బరువెక్కుతుంది. అయితే దానికి బెదురెక్కువ, అలికిడైతే గోడలకు కొట్టుకుని మూతి పగలగొట్టుకుంటుంది. తిలాపియాకు గాలి పంపు ఆగకూడదు. అన్నీ మగవే ఉన్న పిల్లను, అనుమతి ఉన్న హేచరీ నుంచే తీసుకోండి. ఆడమగ కలిస్తే మూడో నెల నుంచే పిల్లలు పెట్టి, తొట్టి నిండా వేలెడు చేపలే మిగులుతాయి. తిలాపియా పెంపకానికి అనుమతి కావాలి కాబట్టి ముందుగా జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి.

బొచ్చె, రోహు వేస్తే?

అవి చెరువు చేపలు. పెరటి తొట్టిలో తిరగడానికి చోటు చాలదు, నీటిలోని సహజమైన మేతా చాలదు. ఏడాది పెంచినా అరకిలో దాటడం కష్టం.

క్యాట్‌ఫిష్ పిల్లలు చవగ్గా ఇస్తామంటున్నారు. త్వరగా పెరుగుతాయట?

అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయితే మన దేశంలో పెంచడం నిషేధం. వానలకు తొట్టి పొర్లి ఒక్కటి కాలువలో పడినా అక్కడి నాటు చేపల్ని, వాటి గుడ్లని తినేస్తుంది. నాటు మార్పు చేప పేరు చెప్పి అంటగట్టేవాళ్లున్నారు. ఎక్కడి పిల్లో రసీదు లేకుండా కొనకండి.

7,000 లీటర్లకు ఎన్ని పిల్లలు వేయొచ్చు?

పట్టేనాటి బరువు చూసి లెక్క వేయాలి. గాలి పంపు, ఫిల్టర్ ఉన్న తొట్టిలో కొత్తవాళ్లు తిలాపియాను 1,000 లీటర్లకు 3 నుంచి 4 కిలోలకు మించనివ్వకూడదు. అంటే 400 గ్రాములకు పెంచాలంటే 60 పిల్లలు. పంగస్ 40, కొర్రమీను 80 దాకా వేయొచ్చు. ఇదే తొట్టిలో ఐదారు వందలు వేయమనే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. రోజూ పరీక్షలు చేస్తూ, రెండు రకాల కరెంటు ఏర్పాటుతో నడిపేవాళ్లకు సాధ్యమయ్యే లెక్క అది. ఉద్యోగానికి వెళ్లొచ్చి చూసుకునే ఇంటికి కాదు.

తెచ్చిన రోజే సగం చచ్చిపోయాయి. పిల్ల మంచిది కాదా?

చాలాసార్లు పిల్ల మంచిదే, తెచ్చిన వేళ మంచిది కాదు. ఆక్సిజన్ కొట్టిన కవర్లను రాత్రి ప్రయాణంలో తెచ్చుకుని సూర్యోదయానికల్లా వదలాలి. కవర్‌ను విప్పకుండా 20 నిమిషాలు తొట్టిలో తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి, ఐదు నిమిషాలకొకసారి చెంబెడు తొట్టి నీళ్లు పోస్తూ పావుగంట ఆగండి. అప్పుడు కవర్ వంచితే పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ వెళ్తాయి. కవర్‌లోని మురికి నీళ్లు తొట్టిలో పోయకండి. ఆ రోజు మేత వద్దు.

చచ్చినవి కనిపించట్లేదు, కానీ కొర్రమీను పిల్లలు రోజూ తగ్గుతున్నాయి. ఎటు పోతున్నాయి?

రెండు దారులు. ఒకటి, పెద్దవి చిన్నవాటిని మింగుతున్నాయి. నాలుగంగుళాలు దాటి, గుళికల మేతకు అలవాటైన పిల్లనే కొనండి. మొదటి రెండు నెలలు పదిహేను రోజులకొకసారి సైజులవారీగా విడదీయండి. రెండు, దూకేస్తున్నాయి. ముఖ్యంగా తొలకరి వాన పడిన రాత్రి. తొట్టి అంచుకు అడుగున్నర ఎత్తు వల చుట్టి, పైన కూడా కప్పండి. మూలల్లో రెండు వేళ్లు పట్టే సందున్నా చాలు, పిల్ల వెళ్లిపోతుంది.

## మేత

రోజుకు ఎంత వేయాలి?

10 గ్రాముల పిల్లకు దాని బరువులో 5 శాతం, 100 గ్రాములకు 3 శాతం, ఆపైన 2 శాతం. ఉదాహరణకు 60 తిలాపియాలు ఒక్కొక్కటి 100 గ్రాములుంటే మొత్తం 6 కిలోలు, రోజుకు 180 గ్రాములు. పొద్దున 8కి సగం, సాయంత్రం 4కి సగం. తేలే గుళికలే వాడండి. 15 నిమిషాల తర్వాత ఇంకా తేలుతున్నాయంటే ఎక్కువేసినట్టే, మిగిలినవి జల్లెడతో తీసేయండి. తిలాపియా, పంగస్‌లకు 28 నుంచి 32 శాతం ప్రొటీన్ చాలు. కొర్రమీను పిల్లకు 40 నుంచి 45 శాతం కావాలి.

నీటి వేడి 34 డిగ్రీలు దాటిన రోజుల్లో సాయంత్రం మేత మానేయండి. తిన్నది అరిగించుకోవడానికి చేపకు ఆక్సిజన్ మామూలుకన్నా ఎక్కువ కావాలి, ఆ అరుగుదల సరిగ్గా రాత్రిపూటే పడుతుంది.

మిగిలిన అన్నం, కోడి పేగులు వేయొచ్చా?

అన్నం అడుగున పులిసి నీటిని పాడుచేస్తుంది. కోడి వ్యర్థాలతో రోగాలు, దుర్వాసన వస్తాయి. మీ ఇంట్లో వండుకునే చేపకు అది పెట్టకండి. తిలాపియాకైతే పక్క తొట్టిలో అజొల్లా (నీటి మీద తేలే చిన్న మొక్క) పెంచి గుప్పెడు వేయొచ్చు. ముక్కిన వాసన వచ్చే, బూజు పట్టిన మేత బస్తాను పారేయడమే మంచిది. బూజు విషం చేప కాలేయాన్ని తినేస్తుంది.

## ఎండలు ముదిరాక

నీళ్లు ఎన్ని డిగ్రీల దాకా పరవాలేదు?

28 నుంచి 32 వరకు హాయిగా ఉంటాయి. 35 దాటితే మేత తగ్గిస్తాయి. 37, 38 వస్తే ఏ చేపకైనా గండమే. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు: ఒక మామూలు థర్మామీటర్‌ను దారం కట్టి రెండడుగుల లోతుకు వేలాడదీయండి. పైన వేలు ముంచి చూసేది లెక్కలోకి రాదు. రోజూ సాయంత్రం 4కి, పొద్దున 5కి అంకెలు రాసుకోండి.

మధ్యాహ్నం చక్కగా తిరిగాయి. తెల్లారేసరికి తేలిపోయాయి. ఎవరైనా విషం కలిపారా?

ఇలా అడిగినవాళ్ల తొట్లలో విషం చాలా అరుదు. కారణం ఆక్సిజన్. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీలకు అది 7.5, 35కి 6.9. నీళ్లు వేడెక్కినకొద్దీ చేప అవసరం మాత్రం పెరుగుతుంది. పగలంతా నాచు ఆక్సిజన్ చేస్తుంది కాబట్టి లోటు కనిపించదు. పొద్దుగూకాక నాచు, చేప, అడుగున కుళ్లే మురికి, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అన్నీ కలిసి ఉన్నదాన్నే పంచుకుంటాయి. నిల్వ అట్టడుగుకు చేరేది తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్య.

ఏప్రిల్ నెల వచ్చాక వారానికి రెండుసార్లైనా నాలుగింటికి లేచి టార్చి వేసి చూడండి. బాగున్న తొట్టిలో తిలాపియాలు చెదురుగా, నడిమి లోతున ఉంటాయి, వెలుగు పడగానే చటుక్కున తప్పుకుంటాయి. లోటు మొదలైన తొట్టిలో బుడగలు లేచే రాళ్ల చుట్టూ, నీళ్లు పడే పైపు కింద గుంపుకడతాయి. వెలుగు పడినా కదలవు. మొప్పలు గబగబా కొట్టుకుంటుంటాయి. ఆ దశలో చూస్తే తొట్టిని కాపాడుకోవచ్చు. దానికి ఇంకో గంట దాటితే పెద్ద చేపలు ముందు పోతాయి. చచ్చినవన్నీ పెద్దవే అయి, నోళ్లు తెరుచుకుని, మొప్పలు విచ్చుకుని ఉంటే ఆక్సిజన్ లోటేనని దాదాపు తేల్చుకోవచ్చు.

గాలి పంపును రాత్రి ఆపి పగలు నడిపే ఇళ్లున్నాయి, చప్పుడుకు నిద్రపట్టదని. ఒక పూట ఆపక తప్పదనుకుంటే పగలు ఆపండి, రాత్రి ఆపొద్దు.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఈ నిమిషంలో ఏం చేయాలి?

కొర్రమీను, పంగస్ అయితే అప్పుడప్పుడు పైకొచ్చి గుటక వేసి దిగిపోవడం వాటి స్వభావం. దిగకుండా పైనే వేలాడుతున్నాయంటే, లేదా తిలాపియాలు మూతులు పైకి పెట్టాయంటే వెంటనే:

1. ఉన్న గాలి పంపులన్నీ వేయండి. చిన్న మోటారుతో తొట్టి నీళ్లే తోడి ఎత్తు నుంచి అందులోకే పడేట్టు చేయండి.
2. కరెంటు లేకపోతే బకెట్‌తో ముంచి మూడడుగుల పైనుంచి ధారగా పోస్తూనే ఉండండి.
3. అడుగు డ్రెయిన్ తెరిచి 20 శాతం వదిలి, అంత బోరు నీటిని షవర్ ద్వారా పట్టండి.
4. ఆ రోజంతా, మర్నాడు కూడా మేత బంద్.

అడుగు మురికిని కర్రతో కలియబెట్టకండి. ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది.

కరెంటు పోతే ఎంతసేపు ఆగుతాయి?

నిండుగా పెరిగిన తిలాపియా తొట్టిలో వేసవి రాత్రి అరగంట నుంచి గంట అనుకోండి. 20 వాట్ల 12 వోల్టుల డీసీ గాలి పంపు 1.7 ఆంపియర్లు లాగుతుంది. 40 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీని సగమే వాడినా 11, 12 గంటలు నడుస్తుంది. కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే రిలే పెట్టించండి. గాలివాన రాత్రి కరెంటు పోయిన సంగతి నిద్రలో ఎవరికీ తెలియదు.

ఐసు గడ్డలు వేస్తే చల్లబడతాయా?

7,000 లీటర్లు ఒక్క డిగ్రీ తగ్గాలంటే 60 కిలోలకు పైగా ఐసు కావాలి. సాయంత్రానికి మళ్లీ అదే వేడి. ఆ డబ్బుతో రెండో పొర షేడ్ నెట్ కట్టండి, టార్పాలిన్ బయటి గోడకు తడి గోనెపట్టాలు చుట్టండి, పొద్దున పూట పది శాతం బోరు నీళ్లు మార్చండి.

నీళ్లు రోజూ తగ్గుతున్నాయి. లీకా, ఎండా?

బకెట్‌లో నీళ్లు పోసి, గీత పెట్టి, తొట్టి పక్కనే అదే నీడలో ఉంచండి. రోజు తర్వాత రెండింటిలోనూ ఒకే ఎత్తు తగ్గితే ఎండకు ఇగిరినట్టు. రోహిణి కార్తెలో రోజుకు 8 మిల్లీమీటర్లు తగ్గినా ఈ తొట్టిలో 56 లీటర్లు పోయినట్టే. తొట్టిలో ఎక్కువ తగ్గితే పట్టాకు ఎక్కడో చిల్లుంది.

వేసవిలో వాన పడితే మంచిదేగా?

మబ్బు పట్టిన రోజు నాచు ఆక్సిజన్ చేయదు. చల్లటి వాన నీరు అడుగుకు దిగి అక్కడి కుళ్లు నీటిని పైకి తోస్తుంది. ఆ రాత్రి పంపు నిండుగా నడవాలి, మేత వద్దు. పైకప్పు మీంచి జారే మొదటి వాన నీళ్లు తొట్టిలో పడనివ్వకండి.

## రోగాలు, శత్రువులు

అమోనియా ఎక్కువుంది, సున్నం వేయమన్నారు. వేయనా?

ససేమిరా వద్దు. నీటిలోని అమోనియాలో కొంత భాగమే విషం. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే ఆ విషభాగం 1 శాతం లోపు, 8కి సుమారు 7 శాతం, 9కి దాదాపు 45 శాతం. సున్నం పీహెచ్‌ను పెంచుతుంది. అంతవరకు ఓర్చుకున్న చేప సున్నం వేసిన గంటకే చస్తుంది. రెండు రోజులు మేత ఆపండి, పొద్దునే 25 శాతం నీళ్లు మార్చండి, గాలి పెంచండి. 32 శాతం ప్రొటీన్ మేత ఒక కిలో పడితే సుమారు 30 గ్రాముల అమోనియా తయారవుతుంది కాబట్టి మందు మొదట మేత డబ్బాలోనే ఉంది. పీహెచ్, అమోనియా పరీక్ష సాయంత్రం 4కి చేయండి, నాచు వల్ల పీహెచ్ ఎక్కువగా ఉండేది అప్పుడే.

ఒంటి మీద ఎర్ర పుండ్లు వచ్చాయి.

కొర్రమీనులో ఇది వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో ఎక్కువ. పుండున్నవాటిని వేరు చేయండి. మిగతా తొట్టిలో 1,000 లీటర్లకు 2 కిలోల రాళ్లుప్పు రెండు రోజుల్లో విడతలుగా కరిగించి పోయండి. పొలం పురుగుమందులు, మనుషుల యాంటీబయాటిక్ గోళీలు వేయొద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ రకాలు తినే చేపల్లో నిషిద్ధం.

పిల్లులు, పిట్టలు, పాములు?

లకుముకి పిట్ట చిన్న పిల్లల్ని, కొంగ వేలెడు చేపల్ని ఎత్తుకుపోతాయి. అంగుళం కన్నుల వల చాలు. నీరుకట్టు పాము విషంలేనిది, కొట్టి చంపకండి. తొట్టి చుట్టూ గడ్డి, రాళ్ల కుప్పలు లేకుండా చూస్తే రాదు.

తొట్టి వల్ల దోమలు పెరుగుతాయా?

చేపలున్న నీటిలో దోమ పిల్లలు బతకవు. పక్కన నీళ్లు నిలిచిన బకెట్లు, ఖాళీ డ్రమ్ములు చూసుకోండి.

## పట్టేటప్పుడు

ఎప్పుడు పట్టాలి?

ఆగస్టు, సెప్టెంబరులో వదిలిన పంగస్, కొర్రమీను ఏప్రిల్, మే నాటికి అమ్మకపు సైజుకు వస్తాయి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె ప్రవేశించే రోజున చేప తినే ఆనవాయితీ వల్ల గిరాకీ పెరుగుతుంది. అప్పటిదాకా అన్నీ ఉంచాలని చూస్తే రోహిణి కార్తె ఎండలకు తొట్టి మీద బరువు అత్యధికంగా ఉంటుంది. ఏప్రిల్ నుంచే పెద్దవాటిని కొద్దికొద్దిగా పడుతూ, సగం బరువు తగ్గించి మిగతాది మృగశిరకు ఉంచండి. పట్టే ముందు ఒక రోజు మేత ఆపి, తెల్లవారగానే నీళ్లు మోకాలి లోతుకు దించి వల వేయండి.

కూర మట్టివాసన వస్తోంది. ఉప్పు, పసుపు, మజ్జిగతో కడిగినా పోవట్లేదు.

ఆ వాసన నీలి ఆకుపచ్చ నాచు నుంచి వచ్చి కండలోకి ఇంకుతుంది, కడిగితే పైపైనే తగ్గుతుంది. వండాలనుకున్న చేపల్ని వారం ముందు మేత లేకుండా శుభ్రమైన నీళ్ల తొట్టిలో గాలి పెట్టి ఉంచండి. రెండు మూడుసార్లు నీళ్లు మార్చండి.

తీసేసిన నీళ్లు మొక్కలకు పోయొచ్చా?

అరటి, బొప్పాయి, కరివేపాకు, బీర పాదులకు మంచి ఎరువు. ఉప్పు వేసిన విడత నీళ్లు మాత్రం మొక్కలకు వద్దు, మురుగు కాలువలోకి వదిలేయండి.